గోడలో ఉన్న పాత తీగలతోనే ఇంటికి వైర్డ్ నెట్‌వర్క్: ఎలా చేయాలి

ఇల్లు కట్టినప్పుడు ఫోన్ కోసమో టీవీ కోసమో వేసిన తీగలు గోడల్లో అలాగే ఉన్నాయి, వాటి మీద ఇంటర్నెట్ నడుస్తుందా అని చాలామంది అడుగుతున్నారు. చాలా ఇళ్ళలో నడుస్తుంది, గోడ పగలగొట్టక్కర్లేదు. ఎంత వేగం వస్తుంది, ఏ సామాను కావాలి అన్నది మాత్రం రెండు విషయాల మీద ఆధారపడుతుంది: గోడలో ఉన్నది ఏ తీగ, అది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది. ఈ రెండూ తేలేదాకా ఏమీ కొనకండి. నెట్‌వర్క్ స్విచ్, జాకులు ముందే తెచ్చిపెట్టుకుని, తర్వాత ప్లేటు విప్పితే లోపల రెండు జతల ఫోన్ తీగ (జత అంటే ఒకదాని చుట్టూ ఒకటి పురి తిప్పిన రెండు పోగులు) కనిపించడం మామూలుగా జరిగేదే.

ముందుగా భద్రత. ఫోన్ లైన్ బతికే ఉంటే దాని మీద దాదాపు 48 వోల్టుల డీసీ ఉంటుంది, రింగు వచ్చినప్పుడు 75 నుంచి 90 వోల్టుల ఏసీ వస్తుంది. ప్రాణం తీసేంత కాదు గానీ గట్టిగా జిల్లుమంటుంది, అదే నెట్‌వర్క్ పోర్టులోకి వెళితే పోర్టు కాలిపోవచ్చు. ఒకే పెట్టెలో కరెంటు తీగలు కూడా ఉంటే మెయిన్ దగ్గర ఆ సర్క్యూట్ ఆపి, టెస్టర్‌తో చూసుకున్నాకే చెయ్యి పెట్టండి.

కావలసినవి

తీగను గుర్తుపట్టే దశకు: స్క్రూడ్రైవర్, టార్చి, మల్టీమీటర్, లేబుళ్ళు, మార్కర్ పెన్ను. తీగలు చాలా ఉంటే టోనర్ కూడా. ఒక చివర బీప్ సిగ్నల్ పంపితే, రెండో చివర చేతిలోని ప్రోబ్ ఆ తీగ దగ్గర మోగుతుంది.

తీగ క్యాట్ 5ఈ (నాలుగు జతల నెట్‌వర్క్ తీగల్లో ఒక రకం, అంకె పెరిగితే తీగ మెరుగు) లేదా అంతకంటే మంచిదని తేలాక:
- ప్రతి తీగకూ రెండు కీస్టోన్ జాకులు (వాల్ ప్లేటులో ఇమిడే నెట్‌వర్క్ సాకెట్లు), అదనంగా మరో రెండు మూడు (మొదటి ఒకటో రెండో పాడవుతాయి)
- గదుల్లో వాల్ ప్లేట్లు, తీగలన్నీ చేరే చోట ఒక చిన్న ప్యాచ్ ప్యానెల్ (జాకులు వరుసగా ఉన్న పలక)
- 110 రకం బ్లేడు ఉన్న పంచ్‌డౌన్ టూల్ (పోగును జాక్ గాడిలోకి నొక్కి దింపే పనిముట్టు)
- తొడుగు తీసే స్ట్రిప్పర్, చిన్న కటింగ్ ప్లయర్
- 8 లైట్ల కేబుల్ టెస్టర్
- గిగాబిట్ (సెకనుకు 1 గిగాబిట్, అంటే 1 జీబీపీఎస్) నెట్‌వర్క్ స్విచ్ (ఒక లైన్‌ను చాలా పోర్టులకు పంచే పెట్టె), వాడే పోర్టుల కంటే రెండు మూడు ఎక్కువ ఉన్నది
- రెడీమేడ్ ప్యాచ్ కార్డులు (రెండు చివర్లా ప్లగ్ ఉన్న పొట్టి నెట్‌వర్క్ తీగలు)

తీగ కొనకు ప్లగ్ నొక్కి బిగించే క్రింపింగ్ టూల్‌ను ఈ జాబితాలో కావాలనే చేర్చలేదు. గోడలోని తీగకు నేరుగా ప్లగ్ క్రింప్ చేయడం మంచి పద్ధతి కాదు. గోడ తీగలో ఒక్కో పోగూ ఒకే గట్టి రాగి తీగ, మామూలు ప్లగ్గులేమో సన్నని పోగులు చాలా కలిసిన మెత్తని తీగ కోసం చేసినవి. వేసిన రోజు పని చేస్తుంది, పదే పదే కదిలితే కాంటాక్ట్ వదులవుతుంది. గోడలో తీగకు జాక్, జాక్ నుంచి పరికరానికి ప్యాచ్ కార్డ్ అన్నదే పద్ధతి.

1. ఏ తీగో గుర్తుపట్టండి

ప్లేటు విప్పి, తీగను కాస్త బయటికి లాగి, తొడుగు మీద అచ్చు చదవండి. అచ్చు చాలా సన్నగా ఉంటుంది. టార్చిని పక్క నుంచి వేస్తే కనిపిస్తుంది. ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకుంటే ఇంకా తేలిక.

*క్యాట్ 5ఈ, క్యాట్ 6 అని ఉంటే:* అదృష్టమే. ఫోన్ కోసం వేసి, ఒక్క బ్లూ జతనే వాడి, మిగతా మూడు జతల్నీ వెనక్కి మడిచి వదిలేసి ఉంటారు. క్యాట్ 5ఈ మీద 100 మీటర్ల దాకా 1 జీబీపీఎస్ వస్తుంది, 2.5 జీబీపీఎస్ కూడా ఆ తీగకే రూపొందించిన ప్రమాణం. క్యాట్ 6 మీద 10 జీబీపీఎస్ కూడా దాదాపు 55 మీటర్ల దాకా నడుస్తుంది.

*క్యాట్ 5 అని మాత్రమే ఉంటే:* ఇంటి లోపలి దూరాలకు గిగాబిట్ సాధారణంగా నడుస్తుంది. జాకులు వేసి, వేగం కొలిచి నిర్ణయించుకోండి.

*క్యాట్ 3 అని ఉన్నా, రెండే జతలున్నా, పురి లేకుండా నాలుగు తీగలు పక్కపక్కన పోతున్నా:* దీని మీద ఈథర్నెట్ (తీగల మీద నడిచే నెట్‌వర్క్ పద్ధతి) కోసం సమయం వృథా చేసుకోకండి. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి. రెండు జతలు పురితో ఉంటే 100 ఎంబీపీఎస్ దాకా లాగవచ్చు, కానీ క్యాట్ 3 దానికి రాసిన తీగ కాదు. ఒక చోట నడిచింది ఇంకో చోట నడవదు. ఇలాంటి తీగకు ఉన్న మంచి ఉపయోగం కొత్త తీగను లాగడానికి తాడుగా పనికిరావడం. దాని సంగతి కింద ఉంది.

*గుండ్రంగా, మందంగా, మధ్యలో ఒకే రాగి తీగ ఉంటే:* అది టీవీ కోయాక్స్. దానికి వేరే దారి ఉంది, అదీ కిందనే.

ఇంకొక పరీక్ష తప్పక చేయండి. ఒక పోగును కొనలో బ్లేడుతో గీకి చూడండి. పైన రాగి రంగు పోయి లోపల వెండి రంగు కనిపిస్తే అది రాగి పూత వేసిన అల్యూమినియం. తక్కువ దూరంలో డేటా పోవచ్చు గానీ పంచ్ చేసేటప్పుడు పుటుక్కున విరుగుతుంది. ఇలాంటి తీగ మీద కెమెరాలకూ యాక్సెస్ పాయింట్లకూ (వైఫై పంచే పెట్టెలు) నెట్‌వర్క్ తీగలోనే కరెంటు పంపే పవర్ ఓవర్ ఈథర్నెట్ పెట్టకండి, తీగ వేడెక్కుతుంది.

2. ఏ తీగ ఎక్కడికి పోతుందో కాగితం మీద గీయండి

పనంతటిలో విలువైన భాగం ఇదే, చాలామంది వదిలేసేదీ ఇదే. ఇంట్లో ప్రతి ఫోన్ పాయింటూ, ప్రతి టీవీ పాయింటూ, ఖాళీ ప్లేట్లు కూడా విప్పండి. ఒక్కో పెట్టెలో ఎన్ని తీగలున్నాయో రాసుకోండి. ఆ సంఖ్యే అసలు విషయం చెబుతుంది.

ప్రతి గదిలో ఒకే తీగ ఉండి, ఒక చోట మాత్రం చాలా తీగలు గుత్తిగా ఉంటే, అన్నీ ఒక కేంద్రానికి చేరుతున్నాయని అర్థం. ఇదే మనకు కావలసింది.

గదుల్లో రెండేసి తీగలుంటే ఒకే వరుస అన్ని గదులూ తిరిగి వస్తోందని అర్థం. ఫోన్‌కు ఇది సరిపోతుంది, ఈథర్నెట్‌కు సరిపోదు. ఫోన్ పాయింటులో లోపలికి వచ్చిన తీగనూ బయటికి పోయే తీగనూ ఒకే జాక్‌కు కలిపేస్తారు. ఈథర్నెట్‌లో అలా కలిపితే అసలు లింకే రాదు, వచ్చినా నిలవదు. ఆ గదిలో రెండు తీగలకూ రెండు వేర్వేరు జాకులు పెట్టి, మధ్యలో 5 పోర్టుల చిన్న స్విచ్ పెట్టండి. ఆ గదిలో నెట్ అవసరం లేకపోతే స్విచ్ బదులు రెండు జాకుల్నీ ఒక పొట్టి ప్యాచ్ కార్డుతో కలిపేయండి. తీగల్ని మెలిపెట్టి టేపు చుట్టడం మాత్రం వద్దు.

ఏ తీగ ఏ గదిదో పట్టుకోవడానికి టోనర్ లేకపోయినా ఫరవాలేదు. ముందు మల్టీమీటర్‌ను డీసీ వోల్టుల మీద పెట్టి తీగ మీద కరెంటు లేదని నిర్ధారించుకోండి. తర్వాత గది చివర బ్లూ, వైట్ బ్లూ పోగుల కొనలు గీకి ఒకదానికొకటి మెలిపెట్టండి. కేంద్రం దగ్గరికి వెళ్ళి ఒక్కో తీగ బ్లూ జత మీద ఓమ్స్ చూడండి. చిన్న అంకె చూపించిన తీగే ఆ గదిది. వెంటనే రెండు చివర్లా లేబుల్ అంటించండి. తర్వాత గుర్తుంటుందిలే అనుకోవద్దు, ఉండదు.

ఈ ఓమ్స్ అంకె ఇంకో రెండు సంగతులు చెబుతుంది. ఇళ్ళలో ఎక్కువగా కనిపించే 24 గేజ్ (పోగు మందానికి కొలత) రాగి తీగకు, 20 మీటర్ల పొడవు ఉంటే పోనూ రానూ కలిపి మూడున్నర ఓమ్స్‌కు కాస్త అటూ ఇటూగా వస్తుంది. ముందు మీటర్ ప్రోబులు రెండూ ఒకదానికొకటి తాకించి వచ్చిన అంకెను తీసేయండి. మిగిలినదాన్ని 6తో గుణిస్తే తీగ పొడవు దాదాపుగా మీటర్లలో వచ్చేస్తుంది. ఇలాగే నాలుగు జతలూ కొలవండి. నాలుగూ దాదాపు ఒకేలా ఉండాలి. ఒక జత మాత్రం రెట్టింపు చూపిస్తే గోడలో ఎక్కడో నాసిరకం అతుకు ఉంది. ఏ అంకే రాకపోతే ఆ జత తెగిపోయింది. ఈ పని జాకులు వేయకముందే చేస్తే, పాడైన తీగ మీద గంటలు పోయే బాధ తప్పుతుంది.

3. మోడెమ్ ఎక్కడ, రౌటర్ ఎక్కడ అన్నది తేల్చుకోండి

తీగలన్నీ చేరే చోటికే ఇంటర్నెట్ లైన్ కూడా వస్తే ఏ ఇబ్బందీ లేదు. ఫైబర్ పెట్టె (ఫైబర్ లైనుకు మోడెమ్ లాంటిది) హాల్లో ఉండి, తీగల గుత్తి ఇంకెక్కడో ఉంటే మాత్రం ముందే ఆలోచించాలి.

హాలు నుంచి కేంద్రానికి ఒకే తీగ ఉంటే రెండు దారులు. మొదటిది: రౌటర్ హాల్లోనే ఉంటుంది, దాని లాన్ పోర్టు (ఇంటి పరికరాల వైపుది) నుంచి ఆ తీగ మీదుగా కేంద్రంలోని స్విచ్‌కు వెళుతుంది, అక్కడి నుంచి మిగతా గదులకు. చాలా ఇళ్ళకు ఇదే తేలిక, వైఫై కూడా ఇల్లంతా బాగా అందుతుంది. రెండోది: ఫైబర్ పెట్టె ఒక్కటే హాల్లో ఉంచి, తీగను దాని నుంచి కేంద్రంలోని రౌటర్ వాన్ పోర్టుకు (ఇంటర్నెట్ లైన్ వైపుది) తేవడం. అప్పుడు హాల్లో వైర్డ్ పాయింట్ మిగలదు. కేంద్రం ఇనుప పెట్టెలో ఉంటే రౌటర్ వైఫై కూడా అందులోనే చచ్చిపోతుంది, విడిగా యాక్సెస్ పాయింట్ కొనాలి.

ఒకే తీగలో రెండేసి జతలు విడదీసి రెండు లైన్లు చేసే అడాప్టర్లు దొరుకుతాయి. వాటి జోలికి వెళ్ళకండి. రెండు లైన్లూ 100 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోతాయి. ఒక చిన్న స్విచ్ పెట్టుకుంటే గిగాబిట్ అలాగే ఉంటుంది.

4. ఫోన్ లైన్‌ను విడదీయండి

బయటి నుంచి ఫోన్ లైన్ లోపలికి వచ్చే పెట్టె దగ్గర ఇంటి తీగల్ని దాని నుంచి పూర్తిగా తప్పించండి. ఇంకా ఆ లైన్ మీదే ఫోన్ లేదా డీఎస్ఎల్ (ఫోన్ తీగ మీద వచ్చే ఇంటర్నెట్) వాడుతుంటే, దానికి ఒక తీగను విడిగా కేటాయించి, మిగతావి మాత్రమే నెట్‌వర్క్‌కు తీసుకోండి. ఆ తీగకు ఎర్ర టేపు చుట్టి ఉంచండి.

5. జాకులు బిగించండి

రంగుల వరుసలు రెండున్నాయి, టీ568ఏ, టీ568బీ. ఏదైనా ఒకటే పని, రెండు చివర్లా ఒకటే వాడాలి. ఇంట్లో ఇప్పటికే ఏదైనా జాక్ ఉంటే దాని వరుసే అనుసరించండి. లేకపోతే బీ తీసుకోండి. బీ వరుస, పిన్ 1 నుంచి 8 దాకా:

వైట్ ఆరెంజ్, ఆరెంజ్, వైట్ గ్రీన్, బ్లూ, వైట్ బ్లూ, గ్రీన్, వైట్ బ్రౌన్, బ్రౌన్.

కీస్టోన్ జాక్ మీద గాళ్ళు ఈ వరుసలో ఉండవు. తయారీదారు లోపలి అమరికను బట్టి రంగులు జాక్ పక్కనే ముద్రించి ఉంటాయి. ఏ, బీ అని రెండు వరుసల రంగులుంటాయి, బీ అని రాసి ఉన్న వరుసనే చూడండి. ఒక చివర ఏ, ఇంకో చివర బీ చూసి వేయడం చాలా తరచుగా జరిగే పొరపాటు.

ఇక పని వరుస:

క. తీగ బయటి తొడుగును 4–5 సెంటీమీటర్ల మేర తీయండి. బ్లేడును లోతుగా దింపకండి, చుట్టూ సన్న గాటు పెట్టి, అక్కడ వంచితే తొడుగు విడిపోతుంది. లోపలి పోగుల మీద గాటు పడిందేమో వంచి చూడండి. పడితే ఆ ముక్క కోసేసి మళ్ళీ మొదలుపెట్టండి. అందుకే గోడ నుంచి కనీసం 20 సెంటీమీటర్ల తీగ బయట ఉంచుకోవడం మంచిది.

ఖ. జతల్ని విడదీసి, ఏ జత గాడి దగ్గరికి ఆ జతను తీసుకురండి. పురి విప్పకుండానే గాడి దాకా తెచ్చి, చివర్లో మాత్రమే విప్పండి. పురి విప్పిన భాగం 13 మిల్లీమీటర్లు మించకూడదు. రెండు తీగలు ఒకదాని చుట్టూ ఒకటి తిరగడం వల్లే బయటి రొద రెండింటి మీదా సమానంగా పడి రద్దవుతుంది. పురి పోయిన చోట ఆ రక్షణ పోతుంది. అందంగా కనిపించాలని జతల్ని పొడుగ్గా విప్పి దువ్వినట్టు సర్దేవాళ్ళు తెలియకుండానే వేగాన్ని చంపుకుంటారు.

గ. బయటి తొడుగు జాక్ వెనుక అంచు దాకా రావాలి.

ఘ. పంచ్‌డౌన్ టూల్ కోసే అంచును జాక్ బయటి వైపుకు పెట్టి, నిటారుగా ఒక్కసారి గట్టిగా నొక్కండి. టక్‌మని శబ్దం వస్తుంది, మిగులు తీగ తెగి పడుతుంది. కోసే అంచు లోపలి వైపు ఉంటే అసలు తీగే తెగుతుంది, పైకి మాత్రం సరిగ్గా ఉన్నట్టే కనిపిస్తుంది. స్క్రూడ్రైవర్‌తో నొక్కితే గాడిలోని కత్తెర నోరు వెడల్పై, తీగను పట్టుకోదు.

ఙ. మూత వేసి, తీగను పెట్టెలోకి గుండ్రంగా మడవండి. వంపు వ్యాసార్థం తీగ మందానికి 4 రెట్లు, అంటే 2.5 సెంటీమీటర్లకు తగ్గకూడదు. ప్లేటుకూ గోడకూ మధ్య నలిగేలా కుక్కకండి.

టూల్ అక్కర్లేని జాకులు కూడా ఉన్నాయి, మూత నొక్కితే అదే బిగుస్తుంది. నాలుగైదు పాయింట్లే అయితే అవే తీసుకోండి, టూల్ ఖర్చు తప్పుతుంది.

కేంద్రం దగ్గర తీగల్ని ప్యాచ్ ప్యానెల్‌కు ఇలాగే బిగించండి. ప్యానెల్ నంబరూ గది ప్లేటు నంబరూ ఒకటే పెట్టండి. కట్టలు కట్టడానికి ప్లాస్టిక్ టై బిగించకుండా వెల్క్రో వాడండి. తీగ నొక్కుకుపోతే లోపల జతల అమరిక చెడుతుంది.

6. టెస్టర్‌తో చూడండి, దాన్ని పూర్తిగా నమ్మకండి

రెండు చివర్లా టెస్టర్ పెట్టి చూడండి. 1 నుంచి 8 దాకా రెండు వైపులా ఒకే క్రమంలో వెలగాలి. ఒక లైటు వెలగకపోతే ఆ పోగు పడలేదు, మళ్ళీ పంచ్ చేయండి. క్రమం తప్పితే రంగులు మారాయి. 1–3, 2–6 తారుమారైతే ఒక చివర ఏ, ఇంకో చివర బీ పడింది.

ఇప్పుడు ఈ టెస్టర్ పట్టుకోలేని తప్పు చెప్పాలి, ఎందుకంటే గంటలకొద్దీ తల పట్టుకునేలా చేసేది ఇదే. దాన్ని జత తప్పడం అందాం. రంగులు చూడకుండా 1–2, 3–4, 5–6, 7–8 అని వరుసగా జతలు పెట్టి, రెండు చివర్లా అదే తప్పు చేస్తే ప్రతి పిన్నూ అవతలి పిన్‌కు సరిగ్గానే అందుతుంది. 8 లైట్లూ చక్కగా వెలుగుతాయి. కానీ ఈథర్నెట్‌కు జతలు 1–2, 3–6, 4–5, 7–8. పిన్ 3, 6 మీద పోయే సిగ్నల్ ఇప్పుడు రెండు వేర్వేరు పురుల్లోని పోగుల మీద పోతుంది, పక్క జతల్లోకి చిందుతుంది. ఫలితం: లింక్ వస్తుంది, వేగం పడిపోతుంది, లేదా నిమిషానికోసారి తెగుతుంది. దీనికి కంటి పరీక్షే మందు. గ్రీన్, వైట్ గ్రీన్ పోగులు 3, 6 మీద ఉన్నాయా, బ్లూ, వైట్ బ్లూ పోగులు 4, 5 మీద ఉన్నాయా అని రెండు చివర్లా చూడండి. టీ568ఏ వరుసలోనైతే ఆరెంజ్, గ్రీన్ స్థానాలు మారతాయి, బ్లూ మాత్రం ఎప్పుడూ 4, 5 మీదే ఉంటుంది.

7. కలపండి, వేగం కొలవండి

మోడెమ్, రౌటర్, స్విచ్, ప్యానెల్, గది జాక్, పరికరం. ఈ క్రమంలో కలపండి. పాత పరికరాలకు కొన్నిచోట్ల జతలు తారుమారు చేసిన క్రాసోవర్ తీగ కావలసి వచ్చేది, ఈ కాలపు గిగాబిట్ పోర్టులు దాన్ని వాటంతటవే సర్దుకుంటాయి, మామూలు ప్యాచ్ కార్డులే చాలు.

గదిలో ల్యాప్‌టాప్ పెట్టి, *వైఫై ఆపేసి*, మూడు పరీక్షలు చేయండి.

మొదట లింక్ వేగం. కంప్యూటర్ నెట్‌వర్క్ సెట్టింగుల్లో ఈథర్నెట్ దగ్గర 1000 ఎంబీపీఎస్ అని ఉండాలి. 100 అని ఉంటే నాలుగు జతల్లో ఒకటి, చాలాసార్లు బ్లూ లేదా బ్రౌన్, సరిగ్గా పడలేదు. పరికరాలు మిగిలిన రెండు జతల మీదికి దిగిపోయాయి.

తర్వాత పింగ్, అంటే చిన్న సందేశం పంపి జవాబు రావడానికి పట్టే సమయం చూడడం. రౌటర్ చిరునామాకు కొన్ని వందల పింగులు పంపండి. సమయం 1 మిల్లీసెకను దగ్గరో అంతకంటే తక్కువో ఉండాలి, ఒక్కటి కూడా జవాబు రాకుండా తప్పిపోకూడదు.

చివరగా అసలు వేగం. రెండు కంప్యూటర్ల మధ్య ఐపర్ఫ్3 (నెట్‌వర్క్ వేగం కొలిచే ప్రోగ్రామ్) నడపండి. గిగాబిట్ లింక్ మీద 940 ఎంబీపీఎస్ దగ్గర రావాలి, 1000 ఎప్పటికీ రాదు. 94 వస్తే లింక్ 100 దగ్గర ఆగింది. 300, 500 మధ్య ఊగుతుంటే తీగనో జాకునో అనుమానించండి. ముందు రెండు కంప్యూటర్లనూ స్విచ్ పక్కనే పెట్టి, గోడ తీగ లేకుండా కొలిచి చూడండి. అక్కడా తక్కువే వస్తే తప్పు కంప్యూటర్లది. ఇంటర్నెట్ స్పీడ్ టెస్టుతో ఇంటి తీగను అంచనా వేయకండి, అది కొలిచేది మీ ప్లాన్ వేగాన్ని కూడా.

తీగ కోయాక్స్ అయితే

మోకా అడాప్టర్లు (కోయాక్స్ తీగ మీద నెట్‌వర్క్ నడిపే పెట్టెలు) రెండు తీసుకోండి. మోకా 2.5 రకం ఈథర్నెట్‌కు చాలా దగ్గరి అనుభవం ఇస్తుంది, పింగ్ మూడు నాలుగు మిల్లీసెకన్లు పెరుగుతుంది. కొన్నింటికి ఈథర్నెట్ పోర్టు 1 జీబీపీఎస్‌దే ఉంటుంది, కొనేముందు చూడండి.

టీవీ కేబుల్ వాడకం లేకపోతే పని చాలా తేలిక. బయటి నుంచి వచ్చే తీగను విప్పేసి, కేంద్రం దగ్గర రెండు గదుల తీగల్ని ఒక బారెల్ కనెక్టర్‌తో (రెండు తీగల కొనల్ని కలిపే చిన్న గొట్టం) నేరుగా కలిపేయండి. ఒక్కో చివర ఒక్కో అడాప్టర్. స్ప్లిట్టరే అక్కర్లేదు.

మూడు నాలుగు గదులుంటే ఒక తీగను చాలా తీగలకు పంచే స్ప్లిట్టర్ కావాలి. పాతవాటి మీద 1000 మెగాహెర్ట్జ్ దాకా అని రాసి ఉంటుంది. మోకా 1125 నుంచి 1675 మధ్య నడుస్తుంది కాబట్టి 1675 దాకా రాసి ఉన్నదే వాడండి. వాడని నోళ్ళకు 75 ఓమ్స్ టెర్మినేటర్ (నోటిని మూసే చిన్న మూత) బిగించండి. మధ్యలో యాంప్లిఫయర్ ఉంటే తీసేయండి, లేదా మోకాకు పనికొచ్చేది పెట్టండి. బయటి కేబుల్ కూడా వాడుతుంటే అది ఇంట్లోకి వచ్చే చోట మోకా ఫిల్టర్ తప్పనిసరి, లేకపోతే మీ సిగ్నల్ పక్కింటి దాకా పోతుంది. అడాప్టర్లలో పాస్‌వర్డ్ కూడా పెట్టుకోండి.

డిష్ నుంచి నేరుగా దిగిన కోయాక్స్ మీద మామూలు మోకా పెట్టకండి. డిష్ సిగ్నల్ 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ మధ్య వస్తుంది, రెండూ ఒకదాన్నొకటి పాడుచేసుకుంటాయి. పైగా డిష్‌కు ఆ తీగలోనే కరెంటు కూడా పోతుంది.

పైపు ఉంటే కొత్త తీగే మేలు

పాత తీగ పనికిరానిదై, గోడలో పైపులోంచి వస్తుంటే, దాన్నే తాడుగా వాడి క్యాట్ 6 లాగవచ్చు. ముందు ఒక చివర పట్టుకుని మెల్లగా లాగి చూడండి, రెండో చివర కదలాలి. కదలకపోతే గోడలో బంధించి ఉంది, బలవంతం చేయకండి. కదిలితే మొదట పాత తీగతో నైలాన్ తాడును లాగండి, ఆ తాడుతో కొత్త తీగను లాగండి. అతుకును టేపుతో సన్నగా, కోసుగా చుట్టండి, మొద్దుగా ఉంటే మొదటి మలుపులోనే ఇరుక్కుంటుంది. కొత్త తీగ మీద పదకొండు కిలోల బరువుకు మించి లాగుడు పడకూడదు. ఒకరు లాగుతుంటే రెండోవాళ్ళు అటు నుంచి తీగను నెమ్మదిగా అందించాలి. కొత్త తీగతో పాటే ఇంకో తాడు కూడా లోపల వదిలేయండి.

కరెంటు తీగలున్న పైపులో మాత్రం నెట్‌వర్క్ తీగ వేయకండి. అందులో ఇంకా చోటు కనిపించినా సరే.

కరెంటు తీగల మీద నడపడం

ఇది చివరి దారి. పవర్‌లైన్ అడాప్టర్ పెట్టె మీద 1000, 2000 అని పెద్ద అంకెలుంటాయి, చేతికి వచ్చేది అందులో చిన్న భాగం. అది కూడా ఇంటింటికీ, ఒకే ఇంట్లో సాకెట్ సాకెట్‌కూ మారుతుంది. వాపసు ఇవ్వగలిగే చోటే కొనండి. నేరుగా గోడ సాకెట్లోనే పెట్టండి. ఎక్స్‌టెన్షన్ బోర్డు, సర్జ్ ప్రొటెక్టర్, ఇన్వర్టర్ లైను సిగ్నల్‌ను మింగేస్తాయి. రెండు సాకెట్లూ వేర్వేరు ఫేజుల మీద ఉంటే వేగం బాగా పడిపోవచ్చు, లింకే రాకపోవచ్చు.

ఏదైనా తేడా వస్తే

*నెట్‌వర్క్ మొత్తం ఒక్కసారిగా పడిపోయి, స్విచ్ లైట్లన్నీ కలిసి వేగంగా కొట్టుకుంటున్నాయి:* ఒకే తీగ రెండు చివర్లూ స్విచ్‌లోకే వెళ్ళాయి, లేదా రెండు స్విచ్‌ల మధ్య రెండు తీగలు పెట్టారు. ఒక్కొక్కటే తీస్తూ చూడండి. చుట్టు తెగగానే అంతా సర్దుకుంటుంది.

*గదిలో పాత రౌటర్ పెట్టాక కొన్ని పరికరాలు ఒకదానికొకటి కనిపించడం లేదు:* దాన్ని వాన్ పోర్టు మీద పెట్టి ఉంటారు, లోపల రెండో నెట్‌వర్క్ పుట్టింది. దాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మార్చండి. ఆ మోడ్ లేకపోతే ముందు దాని చిరునామాను ప్రధాన రౌటర్ వరుసలోనే, ఎవరూ వాడనిదిగా మార్చి, డీహెచ్‌సీపీ (పరికరాలకు చిరునామాలు పంచే పని) ఆపి, తర్వాత తీగను లాన్ పోర్టులో పెట్టండి.

*మొన్నటిదాకా 1000 ఉన్నది ఇప్పుడు 100 అయింది:* ముందు ప్యాచ్ కార్డ్ మార్చండి. దాదాపు ఎప్పుడూ అదే. తర్వాత జాక్ లోపల టార్చి వేసి చూడండి. అందులో ఎప్పుడైనా ఫోన్ ప్లగ్ దూర్చి ఉంటే, సన్నని ఆ ప్లగ్ అంచులు 1, 8 పిన్నుల్ని కిందికి వంచేస్తాయి. వంగిన పిన్నును సరిచేయాలని చూడకండి, జాక్ మార్చండి.

*మోటారు లేదా ఏసీ ఆన్ అయినప్పుడల్లా లింక్ తెగుతోంది:* తీగ కరెంటు తీగ పక్కనే చాలా దూరం నడుస్తోంది. కనిపించే చోటల్లా కొంచెం ఎడంగా జరపండి. దాటాల్సిన చోట అడ్డంగా, లంబకోణంలో దాటించండి.

*పక్కనున్న వేరే కట్టడానికి, గేటు దగ్గరి గదికి లాగాలి:* అక్కడ రాగి తీగ వద్దు. రెండు కట్టడాల ఎర్తులు వేరైతే ఆ తేడా మీ తీగ మీదుగా పోతుంది, దగ్గర్లో పిడుగు పడితే రెండు వైపుల పరికరాలూ పోతాయి. రెండు చివర్లా మీడియా కన్వర్టర్లు (రాగి తీగ సిగ్నల్‌ను ఫైబర్ మీదికి మార్చే పెట్టెలు) పెట్టి ఫైబర్ లాగండి.